సర్వర్ లేచినా డేటా వాల్యూమ్ లేవడం లేదు

ప్రశ్న: మా ఆఫీసు సర్వర్‌లో ఆల్మాలైనక్స్ 9 ఉంది. రెండో డిస్కు మీద 'డేటా' అనే ఎల్‌వీఎం (లినక్స్‌లో డిస్కు జాగాను వాల్యూమ్‌లుగా పంచే పద్ధతి) వాల్యూమ్ గ్రూప్ పెట్టాం. రీబూట్ చేసిన ప్రతిసారీ ఎమర్జెన్సీ మోడ్‌లో (మామూలు బూట్ పూర్తికాక రిపేరు కోసం ఆగే స్థితి) ఆగిపోతోంది. గ్రూపును చేత్తో లేపే 'వీజీచేంజ్ -ఏవై' కమాండ్ కొడితే మాత్రం అన్నీ మౌంట్ అవుతున్నాయి. డిస్కు పోయినట్టేనా?
- ఓ పాఠకుడు, విజయనగరం

జవాబు: కంగారు పడకండి. చేత్తో కమాండ్ ఇస్తే లేస్తోందంటే ఎల్‌వీఎం మెటాడేటా (వాల్యూమ్‌లు ఎక్కడున్నాయో రాసుకున్న వివరాలు) బాగానే ఉంది. డిస్కును ఎల్‌వీఎం కోసం మళ్లీ మొదటి నుంచి సిద్ధం చేసే పీవీక్రియేట్ కొట్టే పని మాత్రం అస్సలు చేయకండి.

తప్పు దాదాపుగా ఆటోయాక్టివేషన్‌లోనే (బూట్‌లో గ్రూపు దానంతటదే లేవడం) ఉంటుంది. 'వీజీఎస్ -ఓ +ఆటోయాక్టివేషన్' కొట్టండి. 'డేటా' వరుసలో 'ఎనేబుల్డ్' అని లేకుండా ఖాళీగా ఉంటే, 'వీజీచేంజ్ --సెట్‌ఆటోయాక్టివేషన్ వై డేటా' చాలు. క్లస్టర్ (కలిసి పనిచేసే సర్వర్ల గుంపు) నుంచి విడదీసిన డిస్కుల్లో ఇది తరచూ ఆపేసి ఉంటుంది. గ్రూపుకు సరిగ్గానే ఉంటే, ఇదే మాట ఒక్కో వాల్యూమ్‌కూ 'ఎల్‌వీఎస్'తో చూడండి.

అదీ సరిగ్గా ఉంటే /ఈటీసీ/ఎల్‌వీఎం/ఎల్‌వీఎం.కాన్ఫ్ తెరిచి 'ఆటో_యాక్టివేషన్_వాల్యూమ్_లిస్ట్' వెతకండి. ఆ వరుస ముందు # లేకుండా (అంటే అమల్లో ఉండి), జాబితాలో 'డేటా' పేరూ లేకపోతే బూట్‌లో దాన్ని వదిలేస్తుంది. చేత్తో ఇచ్చే కమాండ్‌కు ఈ జాబితా అడ్డురాదు. మీ లక్షణం అచ్చంగా ఇదే. పేరు చేర్చి 'డ్రాకట్ -ఎఫ్' నడపండి, ఎందుకంటే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లో (బూట్ మొదట్లో వాడే చిన్న ఫైల్ సిస్టమ్; డ్రాకట్ దాన్ని మళ్లీ తయారుచేస్తుంది) పాత ఫైలు కాపీ ఉండొచ్చు.

డిస్కు ఐస్కజీ మీద (అంటే నెట్‌వర్క్ ద్వారా) వస్తుంటే సంగతి వేరు: ఏది ఎక్కడ మౌంట్ కావాలో రాసే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో, 'డేటా' వరుసకు నెట్‌వర్క్ డిస్కు అని చెప్పే '_నెట్‌డెవ్' ఉండాలి. ఏదైనా సరే, ఈలోగా ఎఫ్‌స్టాబ్‌లోని ఆ వరుసకు 'నోఫెయిల్' చేర్చండి, సర్వర్ కనీసం లాగిన్ దాకా వస్తుంది. కాకపోతే డేటా మౌంట్ కాకుండానే సర్వీసులు మొదలై ఖాళీ ఫోల్డర్‌లో రాసేసే ప్రమాదముంది. ఆ సర్వీసుల యూనిట్లలో (సిస్టమ్‌డీ సెట్టింగ్ ఫైళ్లు) 'రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్' పెట్టండి, మౌంట్ అయ్యాకే అవి మొదలవుతాయి.