స్ట్రెయిన్ ఇస్తే ఎస్‌ఏడబ్ల్యూ రెజొనేటర్ ఫ్రీక్వెన్సీ లెక్కకు రాకపోతే

బీమ్‌కు అంటించిన ఎస్‌ఏడబ్ల్యూ (స్ఫటికం ఉపరితలం మీద సాగే ధ్వని తరంగం) రెజొనేటర్ చిప్‌కు స్ట్రెయిన్ ఇస్తే, అంటే సాగదీస్తే, కొలిచిన ఫ్రీక్వెన్సీ మార్పు మీ లెక్కతో కలవడం లేదని అడిగారు. ఆ లెక్కలో తరంగ వేగాన్ని స్థిరంగా ఉంచేశారు, తేడా అక్కడే. 500 మైక్రోస్ట్రెయిన్‌కు (పొడవులో పది లక్షలకు 500 వంతుల పెరుగుదల) చిప్ మీది ఎలక్ట్రోడ్ వేళ్ల మధ్య దూరం అంతే పెరుగుతుంది కాబట్టి ఫ్రీక్వెన్సీ 500 పీపీఎం (పది లక్షల్లో వంతులు) తగ్గాలన్నారు. కానీ ఒత్తిడిలో స్ఫటికం గట్టిదనం కూడా మారుతుంది, దానితో వేగమూ మారుతుంది.

1. ముందు ఉష్ణోగ్రత సంగతి తేల్చుకోండి. మీ 128 డిగ్రీల వై-కట్ (ఆ కోణంలో కోసిన) లిథియం నయోబేట్ స్ఫటికం ఒక్క డిగ్రీ సెల్సియస్‌కే దాదాపు 75 పీపీఎం జారుతుంది. లోడ్ పడని రెండో రెజొనేటర్‌ను పక్కనే పెట్టి తేడా తీసుకోండి.

2. వేగం మార్పుకు మూడో శ్రేణి ఎలాస్టిక్ స్థిరాంకాలు (స్ట్రెయిన్‌తో గట్టిదనం ఎలా మారుతుందో చెప్పే సంఖ్యలు) కావాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే: అవి పట్టికల్లో స్ఫటిక అక్షాల వెంబడి ఉంటాయి. రెండో శ్రేణివాటిని (మామూలు గట్టిదనం సంఖ్యలను) కట్ కోణానికి తిప్పి, మూడో శ్రేణివాటిని అలాగే వాడేస్తారు. ఇవి ఆరు సూచికల టెన్సర్ (దిశలను బట్టి మారే సంఖ్యల సమూహం), ఆరింటినీ తిప్పాలి. పొడవునా లాగినప్పుడు పక్కవైపు కుంచించుకుపోయే పాయిసాన్ (Poisson) స్ట్రెయిన్‌నూ ఇందులో కలపండి, దాని ప్రభావం చిన్నదేమీ కాదు.

3. ఒత్తిడి లేనప్పటి కొలతల్లో సమీకరణాలు రాస్తే పొడవు మార్పు అందులోనే వచ్చేసినట్టు. మళ్లీ 500 పీపీఎం తీసేయకండి.

4. అప్పటికీ కుదరకపోతే జిగురును అనుమానించండి. చిప్ మీదే చిన్న స్ట్రెయిన్ గేజ్ అంటించి చూడండి, బీమ్ స్ట్రెయిన్ మొత్తం పైకి చేరకపోవచ్చు. లోడ్ తీశాక, ఉష్ణోగ్రత మారకపోయినా ఫ్రీక్వెన్సీ మొదటి విలువకు రాకపోతే జిగురు మెల్లగా సాగిపోతున్నట్టే (క్రీప్). గట్టిగా క్యూర్ అయ్యే ఎపాక్సీని పల్చగా వేయండి.