త్రీడీ గ్రాఫ్ నిండా తెల్ల గీతలు… ఎలా పోతాయి?

ప్రశ్న: గణితంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. పైథాన్‌లో గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో 300×300 బిందువులతో గీసిన త్రీడీ ఉపరితలాన్ని పీడీఎఫ్‌గా సేవ్ చేస్తే ఫైలు తెరుచుకోవడానికే మొరాయిస్తోంది. పైగా బొమ్మంతా సన్నని తెల్ల గీతలు. జర్నల్ వాళ్లు వెక్టర్ ఫైలే (చుక్కలుగా కాక గీతలుగా దాచే, ఎంత పెద్దది చేసినా మసకబారని బొమ్మ) కావాలంటున్నారు. వారమే గడువు, టెన్షన్‌గా ఉంది.

జవాబు: కంగారు పడకండి, మీ కోడ్‌లో తప్పేమీ లేదు. పీడీఎఫ్‌కు లోతు తెలియదు. అందుకే అన్ని బిందువులూ వాడమని మీరు చెప్పి ఉంటే సాఫ్ట్‌వేర్ మీ ఉపరితలాన్ని 299×299, అంటే 89,401 చిన్న పలకలుగా కోసి, వెనకవాటి మీద ముందువాటిని ఒక్కొక్కటిగా పరుస్తుంది. ఫైలు బరువంతా అదే.

తెల్ల గీతలు ఆ పలకల అతుకులే. రెండు పలకలు కలిసే అంచు సరిగ్గా ఒక పిక్సెల్ మధ్యలో పడిందనుకోండి. మొదటి పలక దానికి సగం రంగు వేస్తుంది. రెండోది మిగిలిన దాంట్లో సగమే కప్పుతుంది. వెనకున్న కాగితం తెలుపు 25 శాతం అలాగే కనిపిస్తుంది. జూమ్ మార్చినప్పుడల్లా గీతలు కదిలినట్టు ఉండేది ఇందుకే.

నా సలహా, ఉపరితలాన్ని వెక్టర్‌గా ఉంచాలన్న పట్టు వదిలేయండి. పదునుగా ఉండాల్సింది అక్షరాలు, అంకెలు, అక్షాలు. ఉపరితలం గీసే ప్లాట్_సర్ఫేస్ ఆదేశంలో రాస్టరైజ్డ్ అనే ఆప్షన్‌కు ట్రూ ఇచ్చి, బొమ్మ సేవ్ చేసే సేవ్‌ఫిగ్‌లో డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలో) 600 పెట్టండి. ఉపరితలం మాత్రమే ఫొటోలా మారుతుంది, మిగతాదంతా వెక్టర్‌గానే ఉంటుంది. తర్వాత 800 శాతం జూమ్ చేసి అక్షం మీది అంకెలు చూడండి. అంచులు నున్నగా ఉంటే పని అయినట్టే.

పూర్తిగా వెక్టరే కావాలని జర్నల్ పట్టుబడితే అడ్డంగా, నిలువుగా ఎన్ని బిందువులు వాడాలో చెప్పే ఆర్‌కౌంట్, సీకౌంట్‌లను 50కి తగ్గించండి. మీరేమీ చెప్పకపోతే సాఫ్ట్‌వేర్ తీసుకునే అంకె అసలు అదే. పలకల అంచు రంగును 'ఫేస్' (పలక రంగే) అని పెడితే అతుకులు చాలావరకు మూసుకుంటాయి.

మ్యాట్‌ల్యాబ్ అనే మరో గణిత సాఫ్ట్‌వేర్ వాడే మిత్రులకు ఇబ్బంది దీనికి తిరగబడి ఉంటుంది. పీడీఎఫ్ అని సేవ్ చేసినా బొమ్మ సంక్లిష్టంగా ఉంటే లోపల మొత్తం ఫొటోగా మారిపోయి అక్షరాలు కూడా మసకబారతాయి. 2020ఏ వెర్షన్ నుంచి ఉన్న, బొమ్మ సేవ్ చేసే ఎక్స్‌పోర్ట్‌గ్రాఫిక్స్ ఆదేశంలో కంటెంట్‌టైప్‌ను వెక్టర్ అని మీరే చెప్పాలి.

ఉపరితలానికి పారదర్శకత ఇచ్చి ఉంటే మాత్రం ఈపీఎస్ (పాత తరహా వెక్టర్ ఫైలు) జోలికి వెళ్లకండి. ఆ ఫార్మాట్‌లో పారదర్శకత లేదు, వెనకున్న గీతలన్నీ మూసుకుపోతాయి. పీడీఎఫే పంపండి.