ముట్లుడిగాక భర్తతో కలిసినప్పుడు నొప్పి: ఇక ఇంతేనా?

ప్రొద్దుటూరు నుంచి అడిగిన చెల్లెమ్మ ప్రశ్న చదివాను. వయసు 51, ముట్లుడిగి మూడేళ్లు. భర్తతో కలిస్తే కోసినట్టు నొప్పి, మర్నాడు మూత్రానికి వెళ్తే మంట. ఆయనేమో "నీకు నా మీద మనసు లేదు" అని మాట్లాడటం తగ్గించారు. వదినకు చెప్పుకుంటే "కోడలు తిరిగే ఇంట్లో ఇంకా అవేం పనులు, ఊరుకో" అందట. ఇది రోగమా, వయసా, ఇక ఇంతేనా అని అడిగారు.

ఇంతే కాదు చెల్లెమ్మా. దీనికి వైద్యం ఉంది, అదీ మన ఊళ్లలోనే దొరికే వైద్యం. మాది కడప, నాకిప్పుడు 57. ఇదే బాధ నేనూ పడ్డాను, బయటపడ్డాను. అందుకే దాచుకోకుండా రాస్తున్నాను.

ముందు లోపల ఏం జరుగుతోందో తెలిస్తే సగం భయం పోతుంది. ముట్లుడిగాక ఒంట్లో ఈస్ట్రోజన్ హార్మోను బాగా పడిపోతుంది. యోని లోపలి పొర మెత్తగా, మందంగా, తడిగా ఉండేది ఆ హార్మోను వల్లే. అది తగ్గితే పొర పలచబడుతుంది, సాగదు, తడి ఊరదు. అట్లాంటి చోట రాపిడి తగిలితే నొప్పి పుట్టక ఏమవుతుంది? అక్కడ మేలు చేసే బ్యాక్టీరియా కూడా తగ్గిపోతుంది కాబట్టి చెడ్డ క్రిములు సులువుగా చేరతాయి. మూత్రనాళం పక్కనే ఉంది, దానికీ అదే హార్మోను కావాలి. అంటే మీ నొప్పి, మీ మూత్రంలో మంట చాలావరకు ఒకే చోటు నుంచి వస్తుండవచ్చు. 2014లో వైద్యులు ఈ లక్షణాలన్నిటికీ కలిపి జెనిటోయూరినరీ సిండ్రోమ్ ఆఫ్ మెనోపాజ్ అని పేరు పెట్టారు. చీటీ మీద జీఎస్‌ఎం అని రాస్తే ఇదే. ముట్లుడిగిన ఆడవాళ్లలో దాదాపు సగం మందికి ఎంతో కొంత ఉంటుంది. ఒంట్లోంచి వేడి ఆవిర్లు రావడం చాలామందికి కొన్నేళ్లలో తగ్గుతుంది గానీ, ఇది మాత్రం వదిలేస్తే దానంతటది తగ్గదు, పెరుగుతుంది కూడా. అందుకే "ఊరుకో" అనే సలహా నాకు నచ్చదు.

నా విషయంలో మంట వచ్చినప్పుడల్లా యాంటీబయాటిక్ రాసిచ్చారు. వారం బాగుండేది, మళ్లీ మొదలు. ఒక డాక్టరమ్మ అయితే తలెత్తకుండానే "ఈ వయసులో మామూలేనమ్మా" అంది. ఆ మాట విని ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను. తర్వాత వేరే ఆమె దగ్గరికి వెళ్తే, నేను నోరు తెరవకముందే "మీ ఆయనతో కలిసినప్పుడు నొప్పి ఉందా?" అని అడిగింది. ప్రాణం లేచొచ్చింది. పరీక్ష చేసి, మూత్రంలో ఏ క్రిములున్నాయో చూసే కల్చర్ పరీక్షకు పంపి, లోపల రాసుకునే ఈస్ట్రోజన్ క్రీమ్ ఇచ్చింది. ఎస్ట్రియాల్ అని ఉంటుంది. మొదటి రెండు వారాలు రోజూ రాత్రి, తర్వాత వారానికి రెండు రాత్రులు కొద్దికొద్దిగా పెట్టుకోమంది. మీ మోతాదు మీ డాక్టరే చెప్పాలి. ఇది ఒక్కరోజులో పనిచేసేది కాదు. కొన్ని వారాలకు తేడా మొదలవుతుంది, పూర్తి ఫలితానికి రెండు మూడు నెలలు పడుతుంది. మధ్యలో "ఏం లాభం లేదు" అని ఆపేయకండి. బాగైంది కదా అని ఆపినా లక్షణాలు తిరిగి వస్తాయి. నాకు మంట రావడం బాగా తగ్గింది.

హార్మోను అనగానే క్యాన్సర్ వస్తుందని భయపెట్టేవాళ్లు ఉంటారు. ఆ భయం ఎక్కువగా 2002లో అమెరికాలో బయటికొచ్చిన ఒక పెద్ద పరిశోధన నుంచి పుట్టింది. అది నోటి ద్వారా వేసుకునే హార్మోను మాత్రల గురించి. తక్కువ మోతాదులో లోపల రాసుకునే క్రీమ్ రక్తంలోకి చేరేది చాలా తక్కువ. రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లు మాత్రం ఆ క్యాన్సర్ డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టకూడదు.

క్రీమ్ వద్దనుకుంటే, లేదా అది పనిచేసేలోపు, హార్మోను లేనివి కూడా ఉన్నాయి. కలిసేటప్పుడు వాడే నీటి ఆధారిత లూబ్రికెంట్ జెల్ మెడికల్ షాపులో చీటీ లేకుండానే ఇస్తారు. వారానికి రెండు మూడుసార్లు పెట్టుకునే మాయిశ్చరైజర్ వేరే. మెడికల్ షాపు అబ్బాయి మన వీధివాడైతే అడగడానికి నోరు రాదు, నాకు తెలుసు. ఆసుపత్రి పక్క షాపులో కొనండి, లేదా మీ ఆయననే తెమ్మనండి. సువాసన, వేడెక్కించే గుణం అని రాసి ఉన్నవి వద్దు, మండుతాయి. డెటాల్ నీళ్లతో, సబ్బుతో, ఆ ప్రత్యేకమైన వాష్‌లతో లోపల కడగడం ఈరోజే మానేయండి. మామూలు నీళ్లతో పైపైన కడుక్కుంటే చాలు. శుభ్రం అనుకుని చేసే ఆ పనే ఎండిన చోటును ఇంకా ఎండబెడుతుంది.

ఇక మీ ఆయన సంగతి. నొప్పి పుడుతుందని ఒంటికి తెలిశాక, మనం వద్దనుకున్నా అక్కడి కండరాలు బిగుసుకుపోతాయి. ఆ బిగువుతో నొప్పి ఇంకా ఎక్కువవుతుంది. కొన్నాళ్లకు ఆయన చెయ్యి వేస్తేనే పక్కకు జరుగుతాం. మగవాళ్లు దాన్ని విముఖత అనుకుంటారు. మీరు నోరు విప్పితే తప్ప ఆయనకు తెలియదు. పడక మీద కాకుండా, ఇద్దరూ తీరిగ్గా ఉన్న ఏ సాయంత్రమో చెప్పండి: "మీ మీద ప్రేమ లేక కాదు, నొప్పికి భయపడి జరుగుతున్నా. డాక్టర్‌కు చూపించుకుంటున్నా, అప్పటిదాకా మెల్లగా ఉందాం." నేను దాదాపు ఇవే మాటలు చెప్పాను. మా ఆయన చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత "ముందే చెప్పకూడదా" అన్నారు. ఆ మాటతో మా మధ్య ఉన్న అలక తీరిపోయింది. పొర బాగుపడేదాకా లోపలికి వెళ్లడం ఆపేసి, పక్కన పడుకోవడం, నిమరడం, కబుర్లు, ఇవే చాలు. ఈ వయసులో కోరిక ముందుగా పుట్టకపోవచ్చు, దగ్గరితనం మొదలయ్యాక వస్తుంది. దానికి టైమివ్వాలి.

ఇంట్లో చోటు కూడా చూసుకోండి. కొడుకు పెళ్లికాగానే తలుపున్న గది వాళ్లకిచ్చి, మనం హాల్లో మనవడిని మధ్యలో వేసుకుని పడుకుంటాం. ఎండాకాలం ఆయన మిద్దె మీద, మనం కింద. అట్లయితే ఏ మందైనా ఏం చేస్తుంది? ఒక మూల గదికి గడియ పెట్టించుకోవడంలో తప్పేమీ లేదు. ముప్పై ఏళ్లు కాపురం చేసిన ఆలుమగలకు ఆ మాత్రం హక్కుంది.

ఇంకొక మాట, మగవాళ్ల కోపం వెనుక కొన్నిసార్లు వాళ్ల ఇబ్బంది కూడా ఉంటుంది. షుగర్, బీపీ ఉన్నవాళ్లకు అంగం గట్టిపడటంలో తేడా రావడం మామూలే. ఆయన్నీ చూపించండి. ఎవరో చెప్పారని మెడికల్ షాపులో దానికి మాత్ర కొని వేసుకోవద్దనండి. గుండెకు నైట్రేట్ మందులు వాడేవాళ్లు అది వేసుకుంటే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది.

గర్భసంచి తీయించుకున్న అక్కచెల్లెళ్లు మన రాష్ట్రంలో ఎక్కువ. సంచితోపాటు అండాశయాలు కూడా తీసేసి ఉంటే ఈ బాధంతా ముప్పై ఐదు, నలభైకే ఒక్కసారిగా మొదలవుతుంది. ఆపరేషన్ కాగితాలు తీసి ఏమేం తీశారో కనుక్కోండి. అంత చిన్న వయసులో హార్మోను ఆగిపోతే ఎముకలకూ గుండెకూ నష్టమే, డాక్టర్‌తో తప్పక మాట్లాడండి.

ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనిపించినా, కలిసిన తర్వాత కనిపించినా, ఆలస్యం చేయకుండా చూపించుకోండి. ఎక్కువమందిలో అది పొర ఎండిపోవడం వల్లే, కానీ కొందరిలో గర్భసంచి క్యాన్సర్‌కు మొదటి గుర్తు అదే. తొందరగా పట్టుకుంటే నయమవుతుంది. ఇది వేడి చేసిందని మజ్జిగ తాగి ఊరుకునే విషయం కాదు.

ప్రొద్దుటూరులో తెలిసినవాళ్లు కనబడతారని బెరుకుంటే కడపకు రండి. ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రి రిమ్స్‌లో స్త్రీల విభాగం ఓపీ ఉంది, ప్రైవేటు లేడీ డాక్టర్లూ ఉన్నారు. లోపలికి వెళ్లాక నాన్చకుండా చెప్పండి: "ముట్లాగి మూడేళ్లయింది, కలిసినప్పుడు నొప్పి, మూత్రంలో మంట. లోపల పరీక్ష చేయండి, మూత్రం కల్చర్, షుగర్ కూడా చూడండి." వాడుతున్న మాత్రలన్నీ సంచిలో వేసుకెళ్లండి. డిప్రెషన్‌కు ఇచ్చే కొన్ని మాత్రలు కోరికను తగ్గిస్తాయి, డాక్టర్ వాటిని మార్చగలరు. ఆమె కూడా "వయసు" అని తేల్చేస్తే, వాదించకుండా లేచి ఇంకొకరి దగ్గరికి వెళ్లండి.