నాలుగు నెలలైనా పిల్లలు ఇంగ్లీషు మాట్లాడటం లేదా?

"అక్కా, ఈ పరాయి దేశంలో ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరి నాలుగు నెలలైంది. ఐదారేళ్ళ పిల్లలకి ఇంగ్లీషు చెప్తున్నాను. ఒక్కరి నోట్లోంచి వాక్యం రావడం లేదు. ప్రిన్సిపల్ వారం వారం అడుగుతోంది. నాకే చేతకావడం లేదేమో, ఇంటికి వచ్చేయనా?" అని ఒకమ్మాయి రాసింది. ఈ పనిలో నాకిది పద్నాలుగో ఏడు. రెండు దేశాల్లో, మూడు స్కూళ్ళలో అక్షరం రాని పిల్లలకే చెప్పాను. ఇదే ప్రశ్న ఏటా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు కాబట్టి కొత్తగా వచ్చిన అందరికీ కలిపి రాస్తున్నాను.

ముందు ఆ మౌనం సంగతి చెప్తాను. తెలియని భాష మధ్యలోకి వచ్చిపడ్డ పిల్లలు చాలామంది కొన్నాళ్ళు వింటారు, అంతే. కొందరికి అది వారాలు, కొందరికి నెలలు. దీన్ని సైలెంట్ పీరియడ్ అంటారు, స్టీఫెన్ క్రాషెన్ అనే అమెరికన్ భాషావేత్త 1980ల్లో దీని గురించి వివరంగా రాశాడు. ఇంట్లో పసిపిల్ల ఏడాది పాటు పొద్దస్తమానం మన మాటలు వింటే గానీ "అత్త", "తాత" అనదు కదా. అదే పిల్ల బడికొచ్చి వారానికి మూడు క్లాసులు విని నాలుగో నెలలో వాక్యాలు చెప్పాలట!

ఒకసారి గంటలు లెక్కపెట్టి చూడండి. క్లాసు 40 నిమిషాలు, వారానికి మూడు, అంటే వారానికి రెండు గంటలు. నాలుగు నెలలకి 32 గంటలు. పిల్లాడి చెవిన ఇంగ్లీషు పడింది మొత్తం కలిపి రోజున్నర కూడా లేదు! ఏడాదికి 36 వారాలు బడి నడిస్తే 72 గంటలు. యూరప్ వాళ్ళు 2001లో భాషకి ఆరు స్థాయిలు పెట్టారు, అందులో రెండోదైన ఏ2 కి చేరాలంటే సుమారు 180 నుంచి 200 గంటల బోధన కావాలని కేంబ్రిడ్జి పరీక్షల వాళ్ళే చెప్తారు. ఈ లెక్కన మీ స్కూల్లో రెండున్నరేళ్ళ పైమాటే, పెన్సిల్ పట్టుకోవడం కూడా ఇప్పుడే నేర్చుకుంటున్న పిల్లలకి ఇంకా ఎక్కువే పట్టొచ్చు. ఈ లెక్క కాగితం మీద వేసి ప్రిన్సిపల్ ముందు పెట్టండి. నేను ఏటా మొదటి నెలలోనే పెడతాను, తర్వాత పెడితే సాకు చెప్తున్నామనుకుంటారు.

మాట్లాడటం లేదంటే నేర్చుకోవడం లేదనుకునే పొరపాటు మనం కూడా చేస్తాం. నా క్లాసులో ఒక బాబు ఏడు నెలలు పెదవి విప్పలేదు. వాళ్ళమ్మ వచ్చి ఫీజు దండగైపోతోందని బాధపడింది. ఆవిణ్ణి వెనక కుర్చీలో కూర్చోబెట్టి, "నీలం పెన్సిల్ తీసి కుర్చీ కింద పెట్టు, తర్వాత తలుపు దగ్గరికి వెళ్ళి మూడుసార్లు గెంతు" అని ఇంగ్లీషులో చెప్పాను, చేత్తో ఏ సైగా చేయకుండా. వాడు అన్నీ వరసగా చేశాడు. ఆవిడకి కళ్ళనీళ్ళు తిరిగాయి, నిజం చెప్పాలంటే నాక్కూడా. మాటకి ఒంటితో జవాబిచ్చే ఈ పద్ధతిని జేమ్స్ ఆషర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960ల్లో తయారుచేశాడు, టోటల్ ఫిజికల్ రెస్పాన్స్ అంటారు. మొదటి మూడు నెలలు నా పాఠాల్లో సగం ఇదే. నిలబడు, కూర్చో, ముట్టుకో, తీసుకురా, నీ పక్కవాడికి ఇవ్వు. ఎవరినీ "చెప్పు, చెప్పు" అని నిలదీయను. నిలదీస్తే ఆ పూటకి గిలగిల్లాడుతూ ఒక మాట చెప్తారు, రేపటి నుంచి మన కళ్ళలోకి చూడరు.

ఇక మనం మోసుకొచ్చే అలవాట్లు. మనలో చాలామందికి ఇంగ్లీషు బోర్డు మీద నుంచి వచ్చింది, చెవి మీదుగా రాలేదు. టీచరు రాశారు, మనం ఎక్కించుకున్నాం, అర్థాలు బట్టీ పట్టాం. అదే పద్ధతి ఇక్కడ మొదలుపెడితే చదవడం రాని పిల్లలు బొమ్మ గీసినట్టు అక్షరాలు గీస్తారు, నోట్‌బుక్కు నిండుతుంది, బుర్రలోకి ఏదీ వెళ్ళదు. అక్షరాల పేర్లు ముందు నేర్పడం కూడా అలాంటిదే. 26 అక్షరాలున్నాయి, శబ్దాలేమో యాసని బట్టి 44 దాకా ఉన్నాయి. సీ, ఏ, టీ అని మూడు పేర్లు గడగడా చెప్పే పిల్లకి వాటిని కలిపితే "క్యాట్" ఎలా అయిందో అర్థం కాదు. మన గుణింతాల్లో రాసినట్టే పలుకుతాం కాబట్టి ఈ ఇబ్బంది మనకి తట్టదు. అందుకే ముందు శబ్దాలు, తర్వాత పేర్లు. ఇలా అక్షరాల శబ్దాలు కలిపి చదవడం నేర్పే పద్ధతిని ఫోనిక్స్ అంటారు, అది మీకు రాకపోతే ఒక సెలవుల్లో కూర్చుని నేర్చుకోండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు, నేనూ వచ్చాకే నేర్చుకున్నాను.

ఉచ్చారణ గురించి కూడా కొంచెం గట్టిగానే చెప్తాను. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, ఆ అందం మన నాలుక మీద ఉండిపోయి బుక్కు, బస్సు, పెన్ను అనేస్తాం. పిల్లలు అచ్చం అలాగే పట్టేస్తారు, నెల తిరిగేసరికి క్లాసంతా "బుక్కు". చొక్కా మీద వేసుకునే వెస్టుకీ, పడమర అనే వెస్టుకీ మన నోట్లో తేడా ఉండదు, ఎందుకంటే మనకున్నది ఒకటే వ. జూ అన్నప్పటి జ వేరు, జూన్ అన్నప్పటి జ వేరు. యాస మార్చుకోమని నేననను, మన యాస మనది. ఈ నాలుగైదు శబ్దాలు మాత్రం అద్దం ముందు రోజూ పది నిమిషాలు సాధన చేయండి. రెండు నెలల్లో నాకే తేడా తెలిసింది.

అసలు విసుగు పుట్టించేది క్లాసు బయటే ఎక్కువ. ప్రైవేటు స్కూలు కదా, ఏ నెలలో వచ్చినా పిల్లల్ని చేర్చుకుంటారు, వయసు చూసి క్లాసులో వేస్తారు. మీరు తొమ్మిదో పాఠంలో ఉండగా ఒక్క మాట కూడా రాని పాప వచ్చి కూర్చుంటుంది, పక్కనేమో ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడే బాబు. పుస్తకం మాత్రం టర్మ్ అయ్యేలోపు అయిపోవాలి, ఖాళీ పేజీ కనిపిస్తే తల్లిదండ్రులు ఒప్పుకోరు. దీనికి పూర్తి మందు లేదు. నేను చేసేదల్లా, ప్రతి క్లాసులో మొదటి పది నిమిషాలు అదే పాట, అదే పలకరింపు, అవే ఆజ్ఞలు ఉంచుతాను, కొత్త పాప ఆ పది నిమిషాల్లోనైనా అందరితో పాటు చేయగలుగుతుంది. ఇంగ్లీషు వచ్చిన బాబుని ఆమె పక్కన కూర్చోబెట్టి సాయం పని అప్పజెప్తాను. పేజీలంటారా, చాలావరకు రంగులేయడం, గీతలు కలపడమే కాబట్టి చివరి ఐదు నిమిషాల్లో నింపించేస్తాను.

పరీక్ష ఫలితాలు చూపించమని స్కూలు పట్టుబడితే చిన్నపిల్లలకి పెట్టే ఇంగ్లీషు పరీక్ష కేంబ్రిడ్జి స్టార్టర్స్ గురించి చెప్పండి. అందులో పాస్, ఫెయిల్ లేవు. వినడానికి ఐదు, చదవడం రాయడానికి కలిపి ఐదు, మాట్లాడటానికి ఐదు, మొత్తం 15 షీల్డులు (మార్కుల బదులు ఇచ్చే డాలు బొమ్మలు), రాసిన ప్రతి పిల్లకీ సర్టిఫికెట్ వస్తుంది. అయితే మొదటి ఏడాదే రాయించడానికి మాత్రం ఒప్పుకోకండి, ఆ ఒత్తిడి పిల్లల మీద పడుతుంది. ప్రోగ్రెస్ రిపోర్టులో చెడు రాయొద్దంటారు, ఆ నియమం నాకూ నచ్చదు, కానీ దారి ఉంది. "ఇంకా మాట్లాడటం లేదు" అనే బదులు "పన్నెండు ఆజ్ఞలు విని తప్పులేకుండా చేస్తోంది" అని రాయండి. అబద్ధం లేదు, తల్లికి కావాల్సిన సమాచారం ఉంది.

ఇంకో బాధ గురించి కూడా చెప్పాలి. "మీరు నేటివ్ స్పీకరేనా?" అని తల్లిదండ్రులు అడుగుతారు. ఒక స్కూల్లో నన్ను నా దేశంగా ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న వేరే దేశం పేరు చెప్పమన్నారు. నేను ఒప్పుకోలేదు. వారం రోజులు నిద్రపట్టలేదు, ఉద్యోగం పోతే వీసా కూడా పోతుందని భయం. ఏడాది మధ్యలో ఇంకొకరు దొరకరు కాబట్టి వాళ్ళే ఊరుకున్నారు. మీరు కూడా అబద్ధం చెప్పకండి. ఒకసారి చెప్తే ఆ పిల్లల ముందు ప్రతిరోజూ అదే అబద్ధం నడిపించాలి. రెండు మూడు భాషలు నేర్చుకున్న మనిషికి కొత్త భాష నేర్చుకునే పిల్ల ఎక్కడ ఆగిపోతుందో బాగా తెలుస్తుంది, ఆ మాటే తల్లిదండ్రులతో అనండి, నేను అదే అంటాను.

కాంట్రాక్టులో గంటలంటే క్లాసులో ఉండే గంటలా, స్కూల్లో ఉండే గంటలా అన్నది రాతలో ఉండేలా చూసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు ఎవరి దగ్గరా ఉంచకండి, పని అయ్యాక తిరిగి తీసుకోండి. ఇంగ్లీషు టీచర్ల కోసం ఉన్న సెల్టా (CELTA) అనే కోర్సు చేసి వచ్చినవాళ్ళు పిల్లల క్లాసులో తడబడితే కంగారుపడొద్దు, ఆ పేరులో చివరి అక్షరం A మొదట్లో అడల్ట్స్, అంటే పెద్దవాళ్ళు అనే, అందులో మీరు నిజంగా పాఠం చెప్పేది కూడా ఆరు గంటలే.

ఇక రాసిన అమ్మాయికి. టర్మ్ మధ్యలో వచ్చేయకు. సోమవారం ఒక చిన్న నోట్‌బుక్కు కొని, పేజీకొక పిల్ల పేరు రాయి. రోజుకి నలుగురినే గమనించు. ఏ మాటకి తల తిప్పారు, ఏ ఆజ్ఞ చేశారు, పాటలో ఎక్కడ పెదవులు కదిపారు, తేదీ వేసి రాసుకో. నెల తర్వాత ప్రిన్సిపల్ అడిగినప్పుడు ఆ పుస్తకం ఆవిడ చేతికివ్వు. ఆవిడ ఏమందో నాకు రాయి.