కారం మంటకి నీళ్లెందుకు పనిచేయవు?

"ఎండుమిర్చి పట్టుకున్న చేతుల్ని ఎన్నిసార్లు కడిగినా మంట తగ్గదేం?" అని అడిగారు. మాది గుంటూరు. దీనికి జవాబు నేను అరచేతులతో నేర్చుకున్నాను.

ఇంటర్ మొదటి సంవత్సరం సెలవుల్లో మా పెద్దమ్మ పచ్చళ్ల కోసం మిర్చి తెప్పించింది. మరకు పంపేముందు తొడిమలు తీయాలి కదా, నేనూ కూర్చున్నాను. గంటసేపు బాగానే ఉంది. తర్వాత వేళ్ల సందుల్లో మొదలైంది మంట. బకెట్ నీళ్లలో చేతులు ముంచితే హాయి, బయటికి తీస్తే మళ్లీ అదే మంట. నీళ్లు మార్చినా అంతే. పెద్దమ్మ చూసి, "నీళ్లకి పోదు నాన్నా, ఇలా రా" అని రెండు చేతులకీ నువ్వుల నూనె పట్టించింది. పాతగుడ్డతో తుడిచి, మళ్లీ పట్టించి, మళ్లీ తుడిచి, ఆఖర్న సబ్బుతో కడిగించింది. కాసేపటికి అన్నం కలుపుకోగలిగాను.

అంతకు రెండు నెలల ముందే విజయవాడ హాస్టల్లో బట్టీ పట్టాను: నీటి అణుభారం 18, హైడ్రోజన్ సల్ఫైడ్‌ది 34. అయినా ఆ బరువైనది మైనస్ 60 డిగ్రీలకే మరుగుతుంది, నీరు 100 దాకా ఆగుతుంది. కారణం హైడ్రోజన్ బంధాలు. మార్కు వచ్చింది, విషయం మాత్రం ఎక్కలేదు. ఆ బంధాలతోనే నీటి అణువులు ఒకదాన్నొకటి అంత గట్టిగా పట్టుకుంటాయని, జిడ్డు పదార్థాన్ని మధ్యలోకి రానివ్వవని ఎవరూ చెప్పలేదు. మిర్చిలో మంట పుట్టించే కాప్సైసిన్‌కి పొడుగాటి కార్బన్ తోక ఉంటుంది. అది నూనెలో ఇట్టే కలుస్తుంది, నీటిలో దాదాపు కలవదు. సబ్బు ఒక కొసతో జిడ్డునీ, ఇంకో కొసతో నీటినీ పట్టుకుంటుంది కాబట్టి మిగిలింది కూడా పోతుంది.

పొద్దున్నుంచి రాత్రి దాకా బిట్లు రుద్దించే ఆ చదువు మీద నాకు ఇప్పటికీ కోపమే. తలతన్యత (ద్రవం పైపొరలో ఉండే బిగువు), స్నిగ్ధత (ద్రవం చిక్కదనం) అని నిర్వచనాలు అప్పజెప్పించారు. ఆముదం నువ్వుల నూనెకన్నా అంత చిక్కగా ఎందుకుంటుందో ఒక్కరైనా అడిగారా? ఆముదం అణువుల మీద ఓహెచ్ గ్రూపులు, అంటే ఆక్సిజన్-హైడ్రోజన్ జంటలు, ఉంటాయి, వాటితో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. నీటిలో ఉన్న పట్టు లాంటిదే అదీ. రెండు గిన్నెలు వంచి చూపిస్తే రెండు నిమిషాల పాఠం.

హోటళ్లలోనూ అంతే, నాలుక మండుతోందంటే పరిగెత్తుకొచ్చి నీళ్ల గ్లాసు పెడతారు. పెరుగో పాలో ఇవ్వాలి. వాటిలోని కొవ్వు, కేసిన్ అనే ప్రోటీన్ కాప్సైసిన్‌ని పట్టుకుపోతాయి.

కంట్లో పడితే మాత్రం నూనె జోలికి పోకండి. అక్కడ మంచినీళ్లే, ఆగకుండా కడుగుతూ ఉండాలి.