చవక రోస్టరులో కాఫీ గింజలు ఎప్పుడు దించాలి?

గింజలు ఒకసారి పచ్చిగా, మరోసారి మాడి వస్తున్నాయంటే సాధారణంగా కారణం ఒకటే: రోస్టరు (గింజలు వేయించే యంత్రం) మీద కనిపించే ఉష్ణోగ్రతను నమ్మడం. చవక రకాల్లో ఆ అంకె గింజ లోపలి వేడిని చెప్పదు. చెవిని, ముక్కును నమ్మండి.

మొదట గింజలోని తేమ ఆవిరవుతుంది. ఆకుపచ్చ రంగు పసుపుకు తిరుగుతుంది, పచ్చిగడ్డి వాసన పోయి కాల్చిన రొట్టె వాసన వస్తుంది. గింజ వేడి సుమారు 200 డిగ్రీల సెల్సియస్‌కు చేరేసరికి పేలాలు వేగుతున్నట్టు టప్ టప్‌మని చప్పుడు. లోపలి ఆవిరి గింజను చీలుస్తోందన్నమాట, ఇదే మొదటి పగులు. ఇక్కడి నుంచి అర నిమిషం తేడాకే రుచి మారిపోతుంది, పక్కనే నిలబడండి. ఈ పగుళ్లు సద్దుమణిగాక కాసేపటికి ఆపితే మధ్యస్థంగా వేగినట్టు. 225 దాటే వేళకు సన్నని చిటపటలతో రెండో పగులు మొదలై, నూనె పైకి తేలి చేదు పెరుగుతుంది. నేనైతే అంతదాకా పోనివ్వను. గింజకున్న సొంత రుచి అక్కడ మరుగున పడుతుంది.

స్విచ్ ఆపినా గింజ తన వేడికి తానే వేగుతూ ఉంటుంది. వెంటనే చిల్లుల గిన్నెలోకి ఒంపి ఫ్యాను ముందు కదుపుతూ ఉండండి. నాలుగైదు నిమిషాల్లో చల్లబడాలి. రోస్టరులో మిగిలిన పొట్టును ప్రతిసారీ దులపండి, అది నిప్పంటుకోగలదు.

100 గ్రాములు పోస్తే దాదాపు 85 గ్రాములే మిగులుతాయి, కంగారు పడకండి. వేయించిన గింజల నుంచి కార్బన్ డయాక్సైడ్ వెలువడుతూ ఉంటుంది కాబట్టి కనీసం ఒక రోజు ఆగి పొడి చేసుకోండి.