డిశ్చార్జి పుస్తకంలో ఎక్కని పతకాలు: ముందు నమోదు, తర్వాతే మెడల్

“మా నాన్నగారు 1971 యుద్ధంలో పనిచేశారు. సైన్యం నుంచి విడుదలయ్యేటప్పుడు ఇచ్చే ఆయన డిశ్చార్జి పుస్తకంలో రావలసిన మెడల్స్ కొన్ని రాసి లేవు. ఇన్నేళ్ల తర్వాత వాటిని చేర్పించవచ్చా? చేర్పిస్తే లాభమేమైనా ఉంటుందా?” అని మీరు అడిగారు. మొదటి ప్రశ్నకు నా జవాబు: తప్పకుండా చేర్పించవచ్చు. రెండవదానికి: డబ్బు రూపంలో లాభం లేదు, అయినా చేర్పించి తీరాలి. కర్నూలులో ఉంటున్న మా నాయన రికార్డులో ఇదే లోటును సరిచేయించిన కూతురిగా ఈ రెండు మాటలనూ గట్టిగా చెప్పగలను.

చాలామంది ఈ పనిని తలకిందులుగా మొదలుపెడతారు. “మాకు రావలసిన మెడల్ పంపండి” అని ఒక ఉత్తరం రాసి, ఏళ్ల తరబడి పోస్ట్‌మన్ కోసం ఎదురుచూస్తారు. పతకం అన్నిటికంటే చివర వచ్చే వస్తువు. అంతకు ముందే ఆ పతకం ఆ సైనికుడికి మంజూరైనట్టు ఆయన సర్వీసు పత్రాల్లో నమోదు ఉండాలి, ఆ నమోదుకు ఆధారంగా పార్ట్ టూ ఆర్డర్ ఉండాలి. పెళ్లి, పిల్లల పుట్టుక, ప్రమోషన్, బదిలీ, పతకం, ఇలా సైనికుడి జీవితంలో లెక్కకు రావలసిన ప్రతి సంగతీ పార్ట్ టూ ఆర్డర్‌గా వెలువడితేనే రికార్డుకెక్కుతుంది. అది వెలువడకపోతే ఆయన రొమ్ము మీద రిబ్బను ఉన్నా కాగితాల లెక్కలో లేనట్టే. అందువల్ల ముందు నమోదును అడగండి. నమోదు జరిగితే పతకం దాని వెనకే నడిచి వస్తుంది, అది ఆలస్యమైనా మీ పని అయిపోయినట్టే.

మా నాయన ఇంజినీర్ల దళంలో సాపర్‌గా, అంటే సిపాయి స్థాయిలో, చేరి హవల్దారుగా ఇంటికి వచ్చారు. 1971 డిసెంబరులో ఆయన యూనిట్ పశ్చిమ రంగంలో ఉండింది. మందుపాతరలు పరచడం, శత్రువు పరిచిన పాతరల మధ్య మన ట్యాంకులకు దారి చేయడం ఇంజినీర్ల పని. డిసెంబరు 3న మొదలైన యుద్ధం పశ్చిమాన 17న కాల్పుల విరమణతో ఆగింది కానీ, నేలలో పెట్టిన పాతరలను తిరిగి ఏరే పని అంతటితో ఆగలేదు. ఆ పనిలోనే ఆయన కుడి ముంజేతికి గాయమై ఆసుపత్రిలో చేరారు, కోలుకున్నాక వేరే యూనిట్‌కు వెళ్లారు. పతకాలు తప్పిపోవడానికి మూలం ఇక్కడే ఉంది. తూర్పు రంగానికి పూర్వీ స్టార్‌ను, పశ్చిమ రంగానికి పశ్చిమీ స్టార్‌ను యుద్ధం ముగిశాకే ఏర్పాటు చేశారు. అర్హుల జాబితాలు యూనిట్లలో తయారయ్యేనాటికి మా నాయన పాత యూనిట్‌లో లేరు, కొత్త యూనిట్‌కు ఆయన యుద్ధంలో ఎక్కడ నిలబడ్డారో తెలియదు. అవతలివాళ్లు రాసి ఉంటారులే అని ఇద్దరు గుమాస్తాలూ అనుకున్నారు. ఆసుపత్రి, బదిలీ, సెలవు, ఈ మూడింటిలో ఏదో ఒకటి లేకుండా ఇలాంటి లోపం జరగదని నా గట్టి నమ్మకం. మీ నాన్నగారిని కూడా యుద్ధం తర్వాతి ఏడాది గురించి అడిగి చూడండి.

ఈ లోటు మా కంటపడింది కూడా ఒక విపత్తు వల్లనే. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు పాతబస్తీని ముంచినప్పుడు మా ఇల్లు అక్కడే ఉండింది. మేము మిద్దె మీదికి ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నాము కానీ నాయన ట్రంకు పెట్టె కింద గదిలోనే ఉండిపోయింది. నీళ్లు తీశాక చూస్తే పెట్టె మూత మీద తెల్ల రంగుతో రాసిన ఆర్మీ నంబరు చెక్కుచెదరలేదు, లోపలి కాగితాలు మాత్రం బురద ముద్దలయ్యాయి. డిశ్చార్జి పుస్తకాన్ని మిద్దె మీద ఆరబెట్టి, పుటలు ఎగరకుండా గులకరాళ్లు పెట్టాము. ఆరిన తర్వాత సిరా అంతా నీలి మరకలుగా మిగిలింది. ఆ తర్వాత డూప్లికేట్ తెప్పించుకున్నప్పుడే, ఆయన చేసిన సర్వీసును మొదటిసారిగా నేను ఒక్కొక్క గడీ చదివాను. పతకాల గడిలో సంగ్రామ్ మెడల్, స్వాతంత్ర్య రజతోత్సవ మెడల్ ఉన్నాయి. పశ్చిమీ స్టార్ లేదు. కాశ్మీరులో చేసిన సర్వీసుకు రావలసిన సైన్య సేవా మెడల్ కూడా లేదు. నాయనను అడిగితే, “పాత పుస్తకంలో కూడా ల్యాకుండె. ఏంటికమ్మా ఇప్పుడివన్నీ, పింఛను వస్తాంది కదా” అన్నారు.

ఈ “పింఛను వస్తోంది కదా” అనే మాటను నేను చాలా ఇళ్లలో విన్నాను, అది నాకు ఎంతమాత్రం నచ్చదు. పింఛను చేసిన ఏళ్లకు వస్తుంది. పతకం ఆ ఏళ్లలో ఎక్కడ నిలబడ్డారో చెబుతుంది. వీరచక్ర, సేనా మెడల్ వంటి గ్యాలంట్రీ (శౌర్య) పతకాలకు నెలనెలా భత్యం ఉంటుంది కాబట్టి వాటి కోసం కుటుంబాలు పట్టుబడతాయి. రంగంలో ఉన్నందుకు ఇచ్చే స్టార్లకు భత్యం లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. పది మందిలో తొమ్మిది మంది సైనికుల యుద్ధం రికార్డులో మిగిలేది ఈ స్టార్ల రూపంలోనే అని గుర్తుంచుకోవాలి.

ఆధారం ఎక్కడ దొరికిందో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే అలాంటిది మీ ఇంట్లోనూ ఉండే అవకాశం ఎక్కువ. పత్తికొండ వైపు మా అవ్వ ఉండిన ఊరి ఇంట్లో, వంటింటి దూలానికి ఒక ఇనుప తీగ వేలాడుతూ ఉండేది. వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ చదివించుకున్నాక అవ్వ ఆ తీగకు గుచ్చేది. పన్ను రసీదులు, పెళ్లి కార్డులు, సొసైటీ నోటీసులు, అన్నీ ఆ తీగ మీదనే. తీగను దించి, పొగకు నల్లబడిన కాగితాలను పై నుంచి ఒక్కొక్కటిగా తీస్తూ పోతే అడుగున నాయన రాసిన ఉత్తరాలు ఉన్నాయి. ఒకదాని మీద ఫీల్డ్ పోస్టాఫీసు ముద్ర, 1971 డిసెంబరు తేదీతో చదవడానికి వీలుగానే ఉంది. తీగ రంధ్రం సరిగ్గా ర్యాంకు రాసిన చోట పడింది. మిగతాదంతా, అంటే ఆర్మీ నంబరు, పేరు, యూనిట్ నంబరు, కేరాఫ్ 56 ఏ.పి.ఓ. అనే చిరునామా, స్పష్టంగా ఉంది. లోపల యుద్ధం గురించి ఒక్క ముక్క లేదు. బుడ్డలు (వేరుశనగలు) అమ్మినారా, ఎర్రెద్దు కాలు నయమైందా, ఇక్కడ చలి ఎక్కువ, నేను బాగుండాను, అంతే. నాయన ఆ ఉత్తరాన్ని చేతిలోకి తీసుకుని మడతలు సరిచేసి, యూనిట్ నంబరు పైకి చదివారు. ఆ రోజు నుంచి “ఏంటికి” అని మళ్లీ అడగలేదు, దరఖాస్తు నేను రాస్తుంటే పక్కన కూర్చుని తేదీలు చెప్పారు.

56 ఏ.పి.ఓ. అనే చిరునామా సైన్యం ఎక్కడుందో బయటపడకుండా ఉండటానికే వాడతారు కనుక, ఆ ఉత్తరం ఆయన పశ్చిమ రంగంలో ఉన్నారని నేరుగా చెప్పదు. అయితే ఆ భారం మనది కాదు. ఏ యూనిట్ ఏ రంగంలో ఉందో సైన్యానికే తెలుసు. ఆ తేదీల్లో మన మనిషి ఆ యూనిట్‌లో ఉన్నాడని చూపగలిగితే మిగతా లెక్క వాళ్ల దగ్గరే తేలుతుంది. అందుకే దరఖాస్తులో యుద్ధ గాథలు రాయకుండా, డిసెంబరు 3 నుంచి 17 వరకు నేను ఫలానా యూనిట్‌లో ఉన్నట్టు నా షీట్ రోల్‌ను (సైన్యం దగ్గర ఉండే సర్వీసు పత్రం) చూసి నిర్ధారించండి, అర్హత ఉంటే పార్ట్ టూ ఆర్డర్ వెలువరించి నమోదు చేయండి అని మాత్రమే రాశాము. డిశ్చార్జి పుస్తకం నకలు, పెన్షన్ పేమెంట్ ఆర్డర్ నకలు, ఉత్తరం రెండు వైపుల నకళ్లు జతచేసి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా ఒక ప్రతిని, స్పీడ్ పోస్టులో నేరుగా ఒక ప్రతిని, ఆయన దళం సర్వీసు పత్రాలు ఉండే రికార్డ్స్ ఆఫీసుకు పంపాము.

మొదట వచ్చిన జవాబు ఒక్క వాక్యం: రికార్డు ప్రకారం అర్హత కనిపించడం లేదు. చాలా కుటుంబాలు ఇక్కడే ఆగిపోతాయి, ఆగకూడదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి, మా నాయన పేరుతో, ఆయన సంతకంతో, ఆయన షీట్ రోల్‌లోని బదిలీల పుట నకలు, పతకాలకు సంబంధించి వెలువడిన పార్ట్ టూ ఆర్డర్ల నకళ్లు అడిగాము. ఎందుకు ఇవ్వలేదు అని అడిగితే ఆ చట్టం కింద మీకు ఏమీ రాదు, ఫలానా కాగితం నకలు ఇవ్వండి అని అడిగితే వస్తుంది. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు చేసుకోవచ్చు.

వచ్చిన నకళ్లు చూశాక అసలు సంగతి బోధపడింది. లోపాలు రెండు రకాలు. సైన్య సేవా మెడల్‌కు పార్ట్ టూ ఆర్డర్ ఎప్పుడో వెలువడింది, దానిని డిశ్చార్జి పుస్తకంలోకి ఎక్కించేటప్పుడు ఎవరో వదిలేశారు. పశ్చిమీ స్టార్‌కు మాత్రం ఆర్డరే లేదు. మొదటి రకం లోపం ఆర్డర్ నంబరు, తేదీ చూపిస్తే సులభంగా సరిపోతుంది. రెండవ రకానికి బదిలీల పుట కావాలి, అది ఇప్పుడు మా చేతిలో ఉంది, అందులో 1971 డిసెంబరు నాటి యూనిట్ వాళ్ల చేతిరాతతోనే ఉంది. ఆ పుటను జతచేసి మళ్లీ రాస్తే కాదనడానికి ఏమీ మిగలలేదు. రెండు నమోదులూ జరిగినట్టు ఆర్డర్ నంబర్లతో ఉత్తరం వచ్చింది. రెండవసారి మా ఫైలు చూసిన ఆ అధికారి ఎవరో గానీ, ఆయనకు మా కుటుంబం రుణపడి ఉంది. పేరు, నంబరు చెక్కిన అసలు పతకాలు ఇంకా రాలేదు, దాని గురించి నాకు బెంగ లేదు.

బజారులో దొరికే పతకాల గురించి కూడా చెప్పాలి. అసలువి ఆలస్యమైనప్పుడు మంజూరైన పతకానికి నకలు కొని ధరించడం సైన్యంలో ఎప్పటి నుంచో ఉన్నదే, దానిని నేను తప్పు పట్టను. కానీ మంజూరు కాని స్టార్‌ను కూడా, “మా తాత యుద్ధానికి పోయినాడు కదా” అని కొని, జనవరి 26న తొడిగి ఫోటోలు తీయించే పిల్లలను చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఆ తాత నిజంగానే యుద్ధానికి వెళ్లి ఉంటాడు, ఆయనకు న్యాయం చేసేది కాగితం. అలాగే 1971 విజయాన్ని తలచుకునే విజయ్ దివస్ నాడు ముసలివాళ్లను వేదిక ఎక్కించి శాలువాలు కప్పేవాళ్లు, ఆ ఒక్క పూట వాళ్ల డిశ్చార్జి పుస్తకాలు తెరిపించి చూసి, లోపాలున్న వాళ్లకు దరఖాస్తులు రాసిపెడితే ఎంత మేలు జరుగుతుంది! మన వైపు ఇంగ్లీషు ఉత్తరం రాసుకోలేక ఊరుకున్న మాజీ సైనికులు ఊరూరా ఉన్నారు.

మీ విషయంలో ఏ కార్యాలయానికి రాయాలన్నది ఆయన దళాన్ని బట్టి ఉంటుంది. మద్రాస్ రెజిమెంట్ రికార్డ్స్ నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో, మద్రాస్ ఇంజినీర్ గ్రూప్‌వి బెంగళూరులో, ఆర్టిలరీవి నాసిక్ రోడ్‌లో, సిగ్నల్స్‌వి జబల్‌పూర్‌లో, ఈ.ఎం.ఈ. (ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజినీర్ల దళం) వాళ్లవి సికింద్రాబాదులో ఉన్నాయి. ఆయన 1965 యుద్ధం నాటికే సర్వీసులో ఉండి ఉంటే సమర్ సేవా స్టార్, రక్షా మెడల్ కూడా పరిశీలించండి. 1972 ఆగస్టులో సర్వీసులో ఉంటే రజతోత్సవ మెడల్ ఉండాలి. గ్యాలంట్రీ పతకమే తప్పిపోయిందని మీ అనుమానమైతే దారి వేరు: అవి పేరుతో సహా భారత ప్రభుత్వ గెజిట్‌లో వస్తాయి, ఆ గెజిట్ పుటే మీ ఆధారం.

దరఖాస్తు పంపే ముందు ఆయన పేరును డిశ్చార్జి పుస్తకంలో, పెన్షన్ ఆర్డరులో, ఆధార్‌లో అక్షరం అక్షరం పోల్చి చూడండి. మన ఇంటిపేర్లను రిక్రూటింగ్‌లో ఎగరగొట్టడమో, తండ్రి పేరును చివర తగిలించడమో జరిగింది, ‘తిమ్మప్ప’ వంటి పేరుకే రెండు మూడు స్పెల్లింగులు ఉంటాయి. స్పర్శ్ అనే ఆన్‌లైన్ పెన్షన్ వ్యవస్థలో కూడా ఇదే చిక్కు వస్తుంది. దరఖాస్తులో మాత్రం డిశ్చార్జి పుస్తకంలో ఉన్న పేరే, ఉన్న స్పెల్లింగుతోనే రాయండి, దాని పక్కనే ఆర్మీ నంబరు వేయండి. సంతకం మీది కాకుండా ఆయనదే ఉండాలి, ఆయన లేని ఇళ్లలో భార్య పేరుతో రాయాలి. మీ నాన్నగారు ఉన్నారు కాబట్టి, 1971 డిసెంబరులో ఆయన యూనిట్ నంబరు, కంపెనీ, పక్కన ఉన్నవాళ్ల పేర్లు ఈ వారంలోనే ఆయన చేతనే రాయించి పెట్టుకోండి.